ప్రశ్న మీది, జవాబు మాది: గ్యారీ లినేకర్, గోల్ ముందు నుంచి కెమెరా ముందుకి

ఇంగ్లాండ్ మాజీ స్ట్రైకర్ గ్యారీ లినేకర్ 26 ఏళ్ల పాటు బీబీసీ ఫుట్‌బాల్ హైలైట్స్ కార్యక్రమం 'మ్యాచ్ ఆఫ్ ది డే'కి యాంకర్‌గా ఉండి, 2025 మేలో ఆ కుర్చీ వదిలేశాడు. అప్పట్నుంచి అతని ఆట గురించి, టీవీ పని గురించి పాఠకులు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్ర: మేం అతన్ని టీవీలోనే చూశాం. ఆటగాడిగా నిజంగా అంత గొప్పవాడా, లేక టీవీ వల్ల వచ్చిన పేరా?

జ: టీవీ లేకపోయినా ఆ పేరు నిలిచేదే. 1960 నవంబర్ 30న లెస్టర్‌లో పుట్టాడు. చర్చిల్ పుట్టినరోజూ అదే కాబట్టి ఇంట్లోవాళ్లు పేరు మధ్యలో విన్‌స్టన్ అని కలిపారు. తండ్రిది లెస్టర్ మార్కెట్లో పళ్లు, కూరగాయల వ్యాపారం. సొంత ఊరి క్లబ్ లెస్టర్ సిటీలోనే మొదలుపెట్టి 1984-85లో 24 గోల్స్‌తో, చెల్సీ ఆటగాడు కెర్రీ డిక్సన్‌తో సమంగా టాప్ స్కోరర్ అయ్యాడు. మరుసటి ఏడు ఎవర్టన్‌కి మారి లీగ్‌లో 30 కొట్టాడు. అయినా ఎవర్టన్‌కి దక్కింది ఏమీ లేదు. లీగూ, ఎఫ్ఏ కప్పూ రెండూ పక్కనే ఉన్న లివర్‌పూల్ ఎగరేసుకుపోయింది. 1989-90లో టోటెన్‌హామ్ తరఫున మళ్లీ 24. ఇంగ్లాండ్ పై డివిజన్‌లో మూడు వేర్వేరు క్లబ్బులకు ఆడుతూ టాప్ స్కోరర్‌గా నిలిచాడన్నమాట.

మధ్యలో మూడేళ్లు బార్సిలోనా. 1987 జనవరిలో రియల్ మాడ్రిడ్ మీద హ్యాట్రిక్. మూడు వారాలు తిరక్కుండానే మాడ్రిడ్‌లో స్పెయిన్ మీద ఇంగ్లాండ్ 4-2తో గెలిస్తే నాలుగూ అతనివే. 1988లో కోచ్‌గా వచ్చిన యోహాన్ క్రైఫ్ మాత్రం అతన్ని మధ్యలోంచి తీసి కుడి అంచున ఆడించాడు. అక్కణ్నుంచే 1989లో యూరప్ క్లబ్బుల టోర్నీ కప్ విన్నర్స్ కప్ ఫైనల్లో మొదటి గోల్‌కి పాస్ ఇచ్చినా, గోల్ ముందు నిలబడాల్సినవాణ్ని అంచుకి పంపడం అతనికి నప్పలేదు. ఆ వేసవిలోనే ఇంటిదారి పట్టాడు. దేశం తరఫున 80 మ్యాచ్‌లు, 48 గోల్స్. ఆడినంత కాలం ఒక్క పసుపు కార్డు కూడా చూడలేదు, ఎర్ర కార్డు మాట సరేసరి.

ప్ర: పాత వీడియోల్లో అతని గోల్స్ అన్నీ రెండడుగుల దూరం నుంచి కొట్టినవే కనిపిస్తాయి. అది అదృష్టం కాదా?

జ: ఈ మాట అతని కాలంలోనూ అన్నారు. 1986 మెక్సికో ప్రపంచ కప్‌లో జూన్ 11న మాంటెరేలో పోలండ్ మీద కొట్టిన హ్యాట్రిక్ చూడండి. 9, 14, 34 నిమిషాల్లో మూడు గోల్స్. మొదటి రెండూ అటు ఒక అంచు నుంచి, ఇటు ఒక అంచు నుంచి వచ్చిన క్రాస్‌లకు (అంచు నుంచి గోల్ ముందుకి కొట్టే బంతులకు) పరుగెత్తి అందుకున్నవి. మూడోది కార్నర్ బంతిని గోల్‌కీపర్ పట్టుకోలేక జారవిడిస్తే కొట్టినది. కీపర్ వదిలేస్తాడని ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదు. ప్రతి కార్నర్‌కీ వదిలేస్తాడనే లెక్కతో అక్కడ నిలబడటమే అతని పని. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ జరగదు. మనం చూసే వీడియోలో ఆ పదోది ఒక్కటే ఉంటుంది.

దగ్గరి స్తంభం (క్రాస్ వచ్చే వైపున్న గోల్ పోస్టు) వైపు అతను తీసే పరుగు ఇలా ఉంటుంది. ముందు డిఫెండర్ వెనక భుజం వైపు, అతని కంటికి ఆనని చోట నిలబడతాడు. డిఫెండర్ బంతినైనా చూడాలి, ఇతన్నైనా చూడాలి, రెండూ ఒకేసారి కుదరవు. అంచున ఉన్న ఆటగాడు క్రాస్ కొట్టడానికి తల దించగానే ఒకటి రెండు అడుగులు దూరపు స్తంభం వైపు వేసి, అక్కడే మలుపు తీసుకుని డిఫెండర్ ముందునుంచి దగ్గరి స్తంభానికి దూసుకెళ్తాడు. బంతీ తనూ ఒకే క్షణంలో చేరాలి. ముందే చేరితే ఆగి ఎదురుచూడాలి, ఆ అరక్షణంలో డిఫెండర్ వచ్చి ఒంటికి ఆనుకుంటాడు, లేదా ఆఫ్‌సైడ్ (బంతి కొట్టే వేళకే డిఫెండర్లని దాటి ముందుండే తప్పు) అవుతుంది. ఆలస్యమైతే బంతి ముందునుంచే పోతుంది. కుర్ర స్ట్రైకర్లు ఎక్కువగా చేసే పొరపాటు బంతి గాల్లోకి లేచాక కదలడం. అప్పటికి డిఫెండర్‌కీ బంతి ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఆ ప్రపంచ కప్‌లో ఇంగ్లాండ్ మొదట పోర్చుగల్ చేతిలో ఓడి, మొరాకోతో గోల్ లేకుండా డ్రా చేసుకుంది. కెప్టెన్ బ్రయాన్ రాబ్సన్ భుజం దెబ్బతో తప్పుకున్నాడు, రే విల్కిన్స్ ఎర్ర కార్డుతో దూరమయ్యాడు. దాంతో కోచ్ బాబీ రాబ్సన్ జట్టు అమరిక మార్చి లినేకర్ పక్కన పీటర్ బియర్డ్‌స్లీని పెట్టాడు. బియర్డ్‌స్లీ కాస్త వెనక్కి దిగి ఆడటంతో డిఫెండర్లు ముందుకు రావాల్సి వచ్చేది, వాళ్ల వెనక ఖాళీ దొరికేది. మణికట్టుకి కట్టుతోనే ఆడుతూ లినేకర్ ఆ టోర్నీలో 6 గోల్స్‌తో, టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు.

ప్ర: ఇంగ్లాండ్ తరఫున బాబీ చార్ల్‌టన్ పెట్టిన 49 గోల్స్ రికార్డుకి లినేకర్ ఒక్క గోల్ దూరంలో ఎలా ఆగిపోయాడు?

జ: చేజేతులా. 1992 మేలో వెంబ్లీలో బ్రెజిల్‌తో మ్యాచ్. పెనాల్టీ దొరికింది. గట్టిగా ఒక మూలకి కొట్టకుండా, కీపర్ పక్కకి దూకితే మధ్యలోంచి వెళ్లేలా బంతిని మెల్లగా పైకి లేపబోయాడు. ఈ తరహా పెనాల్టీకి కాలి వేళ్లు బంతి అడుగున పడాలి, పరుగు మాత్రం గట్టిగా కొట్టబోయేవాడి పరుగులా కనిపించాలి. అతనికి కాలు సరిగ్గా పడలేదు, బంతి లేవలేదు. కీపర్ చేతికి తేలిగ్గా చిక్కింది. తర్వాతి నెల యూరో కప్‌లో స్వీడన్‌తో స్కోరు 1-1 ఉండగా కోచ్ గ్రాహమ్ టేలర్ అతన్ని వెనక్కి పిలిచి అలన్ స్మిత్‌ని దించాడు. ఇంగ్లాండ్ ఓడింది. లినేకర్ మళ్లీ దేశానికి ఆడలేదు. గోల్ కావాల్సిన సమయంలో గోల్ కొట్టేవాణ్ని తీసేయడం మా దృష్టిలో తప్పుడు నిర్ణయమే, కానీ ఆ టోర్నీలో అతనూ ఒక్క గోల్ కొట్టలేదన్నది మర్చిపోకూడదు.

ప్ర: 1990 ప్రపంచ కప్‌లో ఐర్లాండ్ మ్యాచ్‌లో మైదానంలోనే అతనికి ఏదో అయిందంటారు, నిజమేనా?

జ: నిజమే. కడుపు చెడి ఉండగా ఆడాడు, మైదానంలోనే ఆపుకోలేకపోయాడు. తర్వాత తనే నవ్వుతూ చెప్పుకున్నాడు. అదే మ్యాచ్‌లో గోల్ కూడా కొట్టాడని కలిపి రాయండి.

ప్ర: ఆట మానగానే నేరుగా యాంకర్ అయిపోయాడా?

జ: చాలామంది అలాగే అనుకుంటారు. జపాన్‌లో నాగోయా గ్రాంపస్ ఎయిట్‌కి ఆడుతుండగా కాలి వేలి గాయం వదలక 1994లో ఆట ముగించాడు. 'మ్యాచ్ ఆఫ్ ది డే' పూర్తిస్థాయిలో చేతికొచ్చింది 1999లో, అప్పటి యాంకర్ డెస్ లైనమ్ ఐటీవీ ఛానెల్‌కి వెళ్లిపోయినప్పుడు. మధ్యలోని ఐదేళ్లే అసలు చదువు. బీబీసీ రేడియోలో మాట్లాడాడు. స్టూడియోలో విశ్లేషకుడిగా కూర్చున్నాడు. శనివారం మధ్యాహ్నం వచ్చే 'ఫుట్‌బాల్ ఫోకస్' నడిపాడు. 1995 నుంచి 'దే థింక్ ఇట్స్ ఆల్ ఓవర్' అనే హాస్య క్విజ్‌లో ఒక జట్టుకి కెప్టెన్. రెండో జట్టు కెప్టెన్ మన క్రికెట్ అభిమానులందరికీ తెలిసిన డేవిడ్ గోవర్. ఆ కార్యక్రమంలో హాస్యనటులు అతన్ని వారం వారం ఆటపట్టించేవాళ్లు. తనమీద జోక్ పడినప్పుడు ముడుచుకోకుండా ఉండటం, సమయం చూసి మాట వేయడం అక్కడ అలవడ్డాయి. అదే 1995లో లెస్టర్‌కే చెందిన వాకర్స్ చిప్స్ ప్రకటన. కార్డు ఎరగని మంచివాడు ఒక పిల్లాడి చేతిలోంచి చిప్స్ ప్యాకెట్ లాక్కోవడమే అందులో తమాషా. ఆ ఒప్పందం దశాబ్దాలు నడిచింది.

ప్ర: యాంకర్‌గా కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగడానికి అంత నేర్చుకోవాల్సింది ఏముంది?

జ: ముందు ఆ కార్యక్రమం స్వరూపం తెలియాలి. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారాలకి అనుమతి లేదు. స్టేడియాలు ఖాళీ కాకుండా పెట్టుకున్న నిబంధన. అందుకే 3 గంటల మ్యాచ్‌లను చాలామంది మొదటిసారి చూసేది రాత్రి హైలైట్స్‌లోనే. 1964 ఆగస్టు 22న లివర్‌పూల్, ఆర్సెనల్ మ్యాచ్‌తో మొదలైన కార్యక్రమం ఇప్పటికీ బతికుండటానికి ఇదొక పెద్ద కారణం. యాంకర్, విశ్లేషకులు మధ్యాహ్నం నుంచే సాల్‌ఫర్డ్ స్టూడియోలో టీవీల ముందు కూర్చుని మ్యాచ్‌లన్నీ చూస్తారు. విశ్లేషకుడు చూపించదలచిన ముక్కల్ని ఎడిటర్‌కి చెబుతాడు, ఎడిటర్ వాటిని కోసి వరస పెడతాడు. ఏ మ్యాచ్ ముందు, ఏది చివర అన్న రన్‌డౌన్ కార్యక్రమ ఎడిటర్ చేతిలో ఉంటుంది. మా జట్టుని చివర్లో పడేశారని తిట్లు మాత్రం యాంకర్‌కే.

ఇక కెమెరా ఎర్రదీపం వెలిగాక. చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది. దానికి మాటలు పంపే లైను టాక్‌బ్యాక్‌ని పూర్తిగా తెరిచి పెట్టుకుంటే పీసీఆర్‌లో (కార్యక్రమాన్ని నడిపే కంట్రోల్ రూమ్‌లో) మాట్లాడేవన్నీ వినిపిస్తాయి. డైరెక్టర్ కెమెరాలకి ఇచ్చే ఆదేశాలు, ప్రొడ్యూసర్ మార్పులు, వెనక్కి లెక్కబెట్టే గొంతు, అన్నీ. ఎదురుగా విశ్లేషకుడు ఆఫ్‌సైడ్ గురించి వివరిస్తుంటే చెవిలో "ఇరవై సెకన్లు... పది..." అని వినిపిస్తూ ఉంటుంది. ఆ పదిలో అతని మాట మధ్యలో తెగకుండా ముగించి, తన వాక్యం చెప్పి, వీడియో మొదలయ్యే క్షణానికి నోరు మూయాలి. ఒక్క సెకను ఎక్కువైతే మాట వీడియో మీద పడుతుంది, తక్కువైతే తెరమీద మౌనంగా నవ్వుతూ ఉండిపోతాడు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. చెవిలోని గొంతు వినబోయి ఎదుటివాడి మాట వినరు, అతను అప్పుడే చెప్పిన సంగతినే మళ్లీ ప్రశ్నగా అడుగుతారు. మాజీ ఆటగాళ్లకి దీనికి తోడు మరో జబ్బు ఉంటుంది: జవాబు తమకి తెలుసు కాబట్టి ప్రశ్నలోనే చెప్పేస్తారు. "డిఫెండర్ లోపలికి రావాల్సింది, రాలేదు, అంతే కదా?" అంటే అవతలివాడికి "అంతే" అనడం తప్ప ఏం మిగిలింది? ప్రపంచ కప్ టాప్ స్కోరర్ అయ్యుండి కూడా లినేకర్ ఏళ్ల తరబడి "ఇక్కడ డిఫెండర్ ఏం చేయాలి?" అని విశ్లేషకుడైన మాజీ ఇంగ్లాండ్ స్ట్రైకర్ అలన్ షియరర్‌ని అడుగుతూ కూర్చున్నాడు. మా ఉద్దేశంలో అతని అసలు విద్య అదే. కెమెరా ముందుండే తెర ప్రాంప్టర్ మీద చదివే వాక్యాలు కూడా తన మాటతీరులో ఉండేలా తనే రాసుకునేవాడు. పత్రికకి రాసినట్టు పొడుగు వాక్యం రాసుకుంటే మధ్యలో ఊపిరి అందదు, కళ్లు అటూ ఇటూ కదలడం తెరమీద పట్టించేస్తుంది.

ప్ర: ఇంగ్లాండ్‌లో ఆటగాడు యాంకర్ కావడం ఇతనితోనే మొదలా?

జ: కాదు. ఆర్సెనల్ గోల్‌కీపర్ బాబ్ విల్సన్ 1974లోనే 'ఫుట్‌బాల్ ఫోకస్' యాంకర్. అంతకు ఏడాది ముందే 'మ్యాచ్ ఆఫ్ ది డే'కి వచ్చిన జిమ్మీ హిల్ ఫుల్‌హామ్ ఆటగాడు. ఆటగాళ్ల సంఘం నాయకుడిగా వారానికి 20 పౌండ్ల జీతం పరిమితిని 1961లో ఎత్తివేయించింది ఆయనే.

ప్ర: లోదుస్తుల్లో కార్యక్రమం నడిపాడని విన్నాం.

జ: 2015 డిసెంబర్‌లో, లెస్టర్ లీగ్ గెలిస్తే అలా వస్తానని ట్వీట్ చేశాడు. ఆ సీజన్ మొదట్లో లెస్టర్ మీద పందెం 5000కి 1, అంటే ఒక పౌండ్ పెట్టి గెలిస్తే 5000 పౌండ్లు. గెలిచింది. 2016 ఆగస్టు 13న తెల్ల నిక్కరుతో కూర్చున్నాడు.

ప్ర: జీతం ఎంత? పన్ను గొడవ ఏమిటి?

జ: 2017లో బీబీసీ మొదటిసారి జీతాలు బయటపెట్టినప్పుడు అతనిది 17.5 లక్షల పౌండ్ల పైచిలుకు. 2020లో తగ్గించుకుని, తర్వాత 13.5 లక్షలు. అయినా అప్పట్లో బీబీసీలో అందరికన్నా ఎక్కువ అందుకున్నది అతనే. అతను బీబీసీ ఉద్యోగి లాంటివాడేనని, 49 లక్షల పౌండ్లు బాకీ అని పన్ను శాఖ అంది. బీబీసీతో, బీటీ స్పోర్ట్ ఛానెల్‌తో ఒప్పందాలు నేరుగా కుదిరినవి కాబట్టి మధ్యలో సంస్థని పెట్టుకునేవాళ్ల నిబంధన వర్తించదని 2023 మార్చిలో ట్రిబ్యునల్ తేల్చింది.

ప్ర: బీబీసీతో ఎందుకు చెడింది?

జ: రెండు వేర్వేరు సందర్భాలు. 2023 మార్చిలో ప్రభుత్వ శరణార్థుల విధానాన్ని ప్రకటించిన భాష 1930ల జర్మనీని తలపిస్తోందని ట్వీట్ చేశాడు. బీబీసీ పక్కన పెట్టింది. విశ్లేషకులు ఇయాన్ రైట్, షియరర్ మేమూ రామన్నారు, కామెంటేటర్లూ అదే దారి. ఆ శనివారం యాంకర్, విశ్లేషణ, కామెంటరీ ఏవీ లేకుండా 20 నిమిషాల్లో కార్యక్రమం ముగిసింది. మరుసటి వారానికి రాజీ కుదిరింది. వార్తా విభాగానికి చెందని, ఒప్పందం మీద పనిచేసే మనిషికి నిష్పాక్షికత నియమం ఎంతవరకు వర్తిస్తుందన్నది అప్పట్లో స్పష్టంగా లేకపోవడమే గొడవకి మూలం.

రెండోది అలాంటిది కాదు. సీజన్ చివర్లో ఈ కార్యక్రమం వదులుకుంటాడని 2024 నవంబర్‌లోనే ఖాయమైంది. ఎఫ్ఏ కప్, 2026 ప్రపంచ కప్ మాత్రం చేయాలన్నది అప్పటి ఒప్పందం. 2025 మేలో జియోనిజం (యూదులకి సొంత దేశం ఉండాలనే ఉద్యమం) మీద అతను పంచుకున్న పోస్టులో ఎలుక బొమ్మ ఉంది. యూదుల్ని కించపరచడానికి నాజీలు వాడిన గుర్తు అది. తాను గమనించలేదని క్షమాపణ చెప్పాడు, మిగిలిన ఒప్పందమూ వదులుకున్నాడు. మే 25న చివరి కార్యక్రమం. ఆ కుర్చీని ఇప్పుడు మార్క్ చాప్‌మన్, కెల్లీ కేట్స్, గాబీ లోగన్ పంచుకుంటున్నారు.

ప్ర: ఇక ఖాళీయేనా?

జ: ఖాళీ ఎక్కడిది! 2014లో టోనీ పాస్టర్‌తో కలిసి పెట్టిన గోల్‌హ్యాంగర్ సంస్థ 'ద రెస్ట్ ఈజ్ హిస్టరీ', 'ద రెస్ట్ ఈజ్ పాలిటిక్స్' పాడ్‌కాస్ట్‌లు తీస్తోంది. 'ద రెస్ట్ ఈజ్ ఫుట్‌బాల్'లో షియరర్, మైకా రిచర్డ్స్‌తో తనే మాట్లాడతాడు. అక్కడ చెవిలో లెక్కబెట్టే గొంతు లేదు, అందుకే స్టూడియోలో దాచుకున్న అభిప్రాయాలన్నీ అక్కడ వినొచ్చు. 2025 సెప్టెంబర్ నేషనల్ టెలివిజన్ అవార్డ్స్‌లో ఉత్తమ యాంకర్ కూడా అతనే. దానికి ముందు వరసగా 23 ఏళ్లు ఆ బహుమతి టీవీ యాంకర్లు ఆంట్, డెక్ జంటదే.