పాత లైనక్స్ పీసీలో క్రోమ్ ఎక్కడం లేదు, కొత్తది కొనాల్సిందేనా?

గాజువాకలోని మీ షాపులో బిల్లింగ్‌కి వాడే పాత డెస్క్‌టాప్‌లో క్రోమ్ ఎక్కిస్తుంటే, ప్యాకేజీ (ఇన్‌స్టాల్ ఫైలు) ఏఎమ్‌డీ64ది అంటే 64-బిట్‌ది, సిస్టమ్ ఐ386ది అంటే 32-బిట్‌ది, రెండూ కలవవు అని ఎర్రర్ వస్తోందన్నారు. టెన్షన్ పడి కొత్తది కొనేయకండి.

ముందు టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎల్ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ కొట్టండి. పైనున్న ఆప్-మోడ్ (op-mode) వరుసలో 32-బిట్, 64-బిట్ రెండూ కనిపిస్తే మీ ప్రాసెసర్‌కి ఏ లోటూ లేదు, దాని మీద వేసిన ఓఎస్సే 32-బిట్‌ది. అప్పట్లో ర్యామ్ తక్కువని అలా వేసేవారు. బిల్లుల డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని 64-బిట్ ఓఎస్ వేయండి, క్రోమ్ ఎక్కుతుంది.

32-బిట్ ఒక్కటే ఉంటే మాత్రం క్రోమ్ మీద ఆశ వదులుకోవాలి. 32-బిట్ లైనక్స్‌కి గూగుల్ దాన్ని 2016లోనే ఆపేసింది. లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లో, 13వ వెర్షన్‌కి అయితే ఇలాంటి పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. కాబట్టి డెబియన్ 12 వేసి, దాని రెపోలో (డెబియన్ సొంత సాఫ్ట్‌వేర్ నిల్వలో) ఉన్న ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్ బ్రౌజర్ వాడండి. కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, ఎల్లకాలం కాదు.

ఫోర్స్ ఆప్షన్‌తో ప్యాకేజీని బలవంతంగా ఎక్కించినా ప్రోగ్రామ్ నడవదు, ఉన్న సెటప్ కూడా చెడుతుంది. ఊరూపేరూ లేని సైట్లలో దొరికే పాత క్రోమ్ ఫైళ్లు అసలే వద్దు. అది మీ కస్టమర్ల లెక్కలుండే మిషన్.