మీరడిగారు: జీ టీవీ పుట్టిందెలా, పెరిగిందెలా

పోయిన సంచికలో దూరదర్శన్ తొలి రోజుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాట: దూరదర్శన్ సరే, మరి దేశంలో మొదటి ప్రైవేటు హిందీ ఛానెల్ సంగతేంటి అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం జీ టీవీకే ఇచ్చేస్తున్నాను. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, మీ ప్రశ్న యథాతథంగా కనిపించకపోతే ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు): జీ టీవీ విదేశీ ఛానెల్‌గా మొదలైందని మా వారు, కాదు మన దేశం వాళ్ళదేనని నేను. ఇంట్లో పెద్ద వాదన. ఎవరిది రైటు?

ఇద్దరిదీ రైటేనమ్మా. ఛానెల్ పెట్టింది మన దేశం మనిషే, హర్యానాలోని హిసార్ వైపు నుంచి వచ్చిన సుభాష్ చంద్ర. వాళ్ళది ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. 1980ల్లో అప్పటి సోవియట్ యూనియన్‌కి బియ్యం ఎగుమతి చేసి బాగా సంపాదించారు, తర్వాత టూత్‌పేస్టు ట్యూబులు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టారు, 1989లో బొంబాయి దగ్గర గోరాయ్‌లో ఎస్సెల్ వరల్డ్ అనే వినోదాల పార్కు కూడా కట్టారు. టీవీ గురించి మాత్రం ఆయనకి అంతకుముందు ఏమీ తెలియదు.

కానీ కాగితాల మీద ఆ ఛానెల్‌ని ప్రసారం చేసింది హాంకాంగ్‌లో రిజిస్టరైన ఏషియా టుడే అనే కంపెనీ. బొంబాయిలోని జీ టెలీఫిల్మ్స్ కార్యక్రమాలు తయారుచేసి దానికి ఇచ్చేది. ఇంత చుట్టు ఎందుకు తిరగాల్సి వచ్చిందంటే, అప్పట్లో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద మన గడ్డ మీద నుంచి ప్రసారం చేసే హక్కు ప్రభుత్వం ఒక్కదానిదే. పైనుంచి కిందికి వచ్చే సిగ్నల్‌ని డాబా మీద డిష్ పెట్టి పట్టుకుంటే మాత్రం ఆపే చట్టం ఏదీ అప్పటికి సరిగా లేదు. కాబట్టి ఇక్కడ షూటింగ్, ఎడిటింగ్ అన్నీ చేసి, ఆ టేపులు విమానంలో హాంకాంగ్ పంపితే, అక్కడి నుంచి ఉపగ్రహానికి ఎక్కి, మళ్ళీ మన ఊళ్ళోకే దిగేవి. ఈ అప్‌లింకింగ్ (అంటే నేల మీద నుంచి ఉపగ్రహానికి సిగ్నల్ పంపడం) ఆంక్షలు 1990ల చివర్లో మెల్లగా సడలాయి, 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు సొంత అప్‌లింక్ కేంద్రాలు పెట్టుకోగలిగాయి.

ఇక మొదలైన తీరు. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని అమెరికా వార్తా ఛానెల్ సీఎన్ఎన్‌లో లైవ్‌గా చూడ్డానికి పెద్ద హోటళ్ళు డిష్‌లు పెట్టించుకున్నాయి, అదే ఏడాది హాంకాంగ్ కోటీశ్వరుడు లీ కా-షింగ్ కుటుంబం స్టార్ టీవీ ప్రారంభించింది. అవి దాదాపు అన్నీ ఇంగ్లిష్ ఛానెళ్ళే. స్టార్ వాడుతున్న ఉపగ్రహం మీదే ఒక ట్రాన్స్‌పాండర్ (కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ని అందుకుని తిరిగి పంపే పరికరం) అద్దెకిస్తే హిందీ ఛానెల్ పెడతానని చంద్ర అడిగితే, ఇండియాలో డబ్బు రాదని స్టార్ వాళ్ళు పెదవి విరిచారు. చివరికి ఏడాదికి 50 లక్షల డాలర్లు ఇస్తానని ఒప్పించానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. మిగతావాళ్ళు ఇచ్చేదానికి అది ఎన్నో రెట్లు. 1992 అక్టోబర్ 2న, రోజుకి కొన్ని గంటల కార్యక్రమాలతో జీ టీవీ మొదలైంది.

నా దృష్టిలో ఆ 50 లక్షల డాలర్ల కంటే పెద్ద విషయం భాష. డిష్ సిగ్నల్ అందుకునేది ఇంగ్లిష్ వచ్చిన కొద్దిమందే అనుకున్నారు స్టార్ వాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునే భాషలో, రాత్రి అన్నం తినే వేళకి, ప్రభుత్వం పెట్టే పాఠంలా కాకుండా ఏదైనా చూపిస్తే జనం డబ్బు కట్టి మరీ చూస్తారని నమ్మినవాడు అప్పట్లో ఆయనొక్కడే. ఈ దేశంలో ఇవాళ్టి ప్రైవేటు టీవీ అంతా ఆ నమ్మకం మీద లేచిందే.

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి): ఆ ఉపగ్రహం ఒకసారి పాడైపోయి, స్పేస్ షటిల్‌లో తిరిగొచ్చిందని విన్నాను. నిజమా సార్?

నిజమే బాబూ. దాని అసలు పేరు వెస్టార్-6. 1984 ఫిబ్రవరిలో అమెరికా ఛాలెంజర్ షటిల్ దాన్ని తీసుకెళ్ళి వదిలింది, కానీ పై కక్ష్యకి చేర్చాల్సిన మోటారు సరిగా పనిచేయక కిందనే ఉండిపోయింది. అదే ఏడాది నవంబర్‌లో డిస్కవరీ షటిల్‌లో వెళ్ళిన వ్యోమగాములు బయటికి వచ్చి, దాన్ని పట్టుకుని భూమికి తెచ్చారు. బాగుచేశాక హాంకాంగ్ కంపెనీ కొనుక్కుంటే, 1990 ఏప్రిల్ 7న చైనా రాకెట్ దాన్ని ఏషియాశాట్-1 పేరుతో మళ్ళీ పైకి పంపింది. అలా ఒకసారి పోయి తిరిగొచ్చిన ఉపగ్రహం మీద నుంచే మన వీధుల్లోకి జీ టీవీ వచ్చింది. నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు): హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మన ఊళ్ళలో కూడా జీ టీవీ చూసేవాళ్ళు. ఎందుకంటారు? మరి తెలుగులోకి రావడానికి అంత ఆలస్యం ఎందుకు?

చూసేవాళ్ళు, మా ఇంట్లోనూ చూసేవాళ్ళం. 1993లో మొదలైన అంత్యాక్షరి కార్యక్రమానికి భాష పెద్దగా అక్కర్లేదు, పాట తెలిస్తే చాలు. అదే ఏడాది వచ్చిన తారా సీరియల్‌లో ఊరి నుంచి నగరానికి వచ్చి సొంతంగా బతికే ఆడపిల్ల, దూరదర్శన్‌లో అలాంటి కథలు అరుదు. సంజీవ్ కపూర్ వంటల కార్యక్రమం, రజత్ శర్మ బోనులో కూర్చోబెట్టి నాయకుల్ని ప్రశ్నించే కార్యక్రమం, ఇవన్నీ ఆ రెండు మూడేళ్ళలో వచ్చినవే. 1995లో మొదలైన సరిగమ పాటల పోటీకి మొదట్లో యాంకర్ సోనూ నిగమ్. పదేళ్ళ తర్వాత, 2005లో మొదలైన సీజన్‌లో మన తెలుగు గాయకుడు హేమచంద్ర చివరి ముగ్గురిలో నిలిచినప్పుడు, హిందీ రానివాళ్ళు కూడా ఫోన్లు పట్టుకుని ఎస్సెమ్మెస్ ఓట్లు వేశారు, గుర్తుండే ఉంటుంది.

ఆలస్యం గురించి అయితే, మొదట్లో జీ వాళ్ళు దేశమంతా ఒకే హిందీ ప్రేక్షకులన్నట్టే ఆలోచించారు. ఆలోపు దక్షిణాది తన దారి తాను వేసుకుంది. 1993 ఏప్రిల్‌లో తమిళంలో సన్ టీవీ, 1995లో తెలుగులో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ. జీ వాళ్ళు 1999లో ఆల్ఫా పేరుతో మరాఠీ, బెంగాలీ, పంజాబీ ఛానెళ్ళు పెట్టారు కానీ, తెలుగు ఛానెల్ జీ తెలుగుగా స్థిరపడింది 2005లో. అంటే మన దగ్గర అప్పటికే పదేళ్ళుగా పాతుకుపోయిన వాళ్ళతో పోటీ. అదే సమయంలో మన రామోజీరావు గారి ఈటీవీ హైదరాబాద్‌లో కూర్చుని బెంగాలీ, మరాఠీ, కన్నడ, ఒడియా, ఉర్దూ ఛానెళ్ళు నడిపింది, ఆ చరిత్రకి వేరే కాలమ్ కావాలి.

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక పాఠకుడు): స్టార్, జీ కలిసి ఉండేవి కదా, ఎందుకు చెడింది?

1993లో లీ కుటుంబం నుంచి విదేశీ మీడియా దిగ్గజం రూపర్ట్ మర్డోక్ స్టార్‌లో మెజారిటీ వాటా కొన్నారు, 52.5 కోట్ల డాలర్లకి. ఆ తర్వాత జీ ప్రసార కంపెనీలో కూడా దాదాపు సగం వాటా ఆయనకే చేరింది. హిందీ జీ చూసుకోవాలి, స్టార్ అందులోకి రాకూడదు అన్నది ఆ పొత్తుకి ప్రాణం. మర్డోక్ స్థాయి మనిషి ఇంత పెద్ద హిందీ మార్కెట్ బయట ఎంతకాలం కూర్చుంటారు? స్టార్ ప్లస్‌లో మెల్లగా హిందీ కార్యక్రమాలు మొదలయ్యాయి, గొడవలు కోర్టుల దాకా వెళ్ళాయి, 1999లో దాదాపు 30 కోట్ల డాలర్లు కట్టి జీ వాళ్ళు స్టార్ వాటాల్ని కొనేసి విడిపోయారు.

విడిపోయిన ఏడాదిలోపే దెబ్బ తగిలింది. 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్‌తో కౌన్ బనేగా కరోడ్‌పతి మొదలైంది, అదే రోజు నుంచి అత్తాకోడళ్ళ సీరియల్ ఒకటి కూడా. ఆ కార్యక్రమం కోటి రూపాయల బహుమతికి జవాబుగా జీ వాళ్ళు పది కోట్ల బహుమతితో అనుపమ్ ఖేర్, మనీషా కొయిరాలాలని పెట్టి పోటీ కార్యక్రమం తెచ్చారు, అది కొన్ని నెలలకే ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు మొదటి స్థానంలో ఉన్న ఛానెల్ కొత్తగా ఆలోచించడం తగ్గించేసిందని నా అభిప్రాయం. లేకపోతే పక్కవాడు కోటి అంటే మనం పది కోట్లు అనాలన్న ఆలోచన, 1992లో అందరూ కాదన్న భాషని పట్టుకున్న సంస్థకి రావాల్సింది కాదు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక క్రికెట్ అభిమాని): ఐపీఎల్ కంటే ముందు హైదరాబాద్ హీరోస్ అని ఒక టీమ్ ఉండేది. దానికీ జీకీ సంబంధం ఉందా?

ఉంది. 2004లో భారత క్రికెట్ ప్రసార హక్కుల కోసం జీ వాళ్ళు పెద్ద మొత్తం పాడారు, హక్కులు చేతికి రాలేదు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. క్రికెట్ బోర్డు రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ సంస్థ కాదని 2005లో తీర్పు వచ్చింది ఆ కేసులోనే. హక్కులు రాకపోతే లీగే పెడదామని 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్) మొదలుపెట్టారు. బోర్డు ఆ ఆటగాళ్ళని నిషేధించింది, మరుసటి ఏడాది ఐపీఎల్ వచ్చింది, ఐసీఎల్ ఎక్కువ కాలం నిలవలేదు. 2008లో హైదరాబాద్ హీరోస్ ఒక ట్వంటీ20 టోర్నీ గెలిచింది కూడా. అంబటి రాయుడు ఆడింది ఆ టీమ్‌కే. 2009లో బోర్డు క్షమించాక తిరిగొచ్చినా, ఇండియా టీమ్‌లో మొదటి మ్యాచ్ ఆడేసరికి 2013 అయింది. పెద్దవాళ్ళ పంతంలో ఆ కుర్రాడికి జరిగిన నష్టం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): సోనీలో కలిసిపోతుందన్నారు, తర్వాత లేదన్నారు. అసలు ఏమైంది? చంద్ర కుటుంబం చేతిలో ఇంకా ఉందా?

టీవీ వ్యాపారం వల్ల వచ్చిన కష్టం కాదిది. గ్రూపు వాళ్ళు జీ షేర్లు తాకట్టు పెట్టి అప్పులు తెచ్చి రోడ్లు, కరెంటు లాంటి వాటిలో పెట్టారు. 2018లో ఫైనాన్స్ కంపెనీల సంక్షోభం వచ్చాక అప్పిచ్చినవాళ్ళు గట్టిగా అడగడం మొదలైంది. 2019 జనవరి 25న ఒక్కరోజులో జీ షేరు నాలుగో వంతుకి పైగా పడిపోయింది, ఆ సాయంత్రమే సుభాష్ చంద్ర బహిరంగ లేఖ రాసి అప్పిచ్చినవాళ్ళని క్షమించమని అడిగారు. అప్పు తీర్చడానికి వాటాలు అమ్మాల్సి వచ్చింది, ఇన్వెస్కో అనే అమెరికన్ సంస్థ 4,224 కోట్లకి 11 శాతం కొంది. కుటుంబం వాటా నాలుగు శాతం దరిదాపుల్లోకి పడిపోయింది, నవంబర్‌లో ఆయన చైర్మన్ పదవి వదిలేశారు.

2021లో ఆ ఇన్వెస్కోనే, ఆయన కొడుకు పునీత్ గోయెంకాని పదవి నుంచి దించాలని పట్టుబట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సోనీతో విలీనం ప్రకటన వచ్చింది. కలిసిన కంపెనీని ఎవరు నడపాలన్న దగ్గరే ప్రధానంగా చిక్కుపడి, రెండేళ్ళు నానిన తర్వాత 2024 జనవరి 22న సోనీ రద్దు చేసుకుంది, ఆగస్టులో రెండు వైపులా కేసులు వదులుకున్నారు. నాలుగు శాతం వాటాతోనే నిర్వహణ ఆ కుటుంబం దగ్గర ఉండిపోయింది. షేరు కొనాలా వద్దా అని కూడా అడిగారు, అది చెప్పే అర్హత నాకు లేదండీ.

ప్రశ్న (తాడేపల్లిగూడెం నుంచి ఒక పాఠకురాలు): మా నాన్నగారు 1993 నుంచి కేబుల్ ఆపరేటర్. టీవీ చరిత్ర రాసేవాళ్ళంతా అంబానీలు, మర్డోక్‌ల గురించే రాస్తారు. మా నాన్న లాంటి వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఎందుకండీ?

తప్పు మాదేనమ్మా, రాయాల్సింది. హాంకాంగ్ నుంచి సిగ్నల్ ఉపగ్రహానికి ఎక్కడం ఎంత ముఖ్యమో, అది డాబా మీది డిష్ నుంచి వందల ఇళ్ళకి వైరు మీద చేరడం అంతే ముఖ్యం, ఆ రెండో పని చేసింది మీ నాన్నగారు, ఆయన లాంటి వేలమంది. అప్పటిదాకా వీడియో షాపు నడిపినవాళ్ళు, రేడియో రిపేరు చేసినవాళ్ళు అప్పు చేసి డిష్ కొన్నారు, కరెంటు స్తంభాల మీంచి, చెట్ల కొమ్మల మీంచి, అడిగితే కాదనని పక్కింటివాళ్ళ పిట్టగోడల మీంచి వైరు లాగారు. మా వీధిలో వాన పడిన రాత్రి బొమ్మ పోతే, గొడుగు పట్టుకుని నిచ్చెన ఎక్కిన కేబుల్ అన్న ముఖం నాకిప్పటికీ గుర్తు. వాళ్ళకి చట్టమంటూ ఒకటి వచ్చింది 1995లో, అంతకుముందు రెండు మూడేళ్ళు ఎప్పుడు ఎవరొచ్చి వైర్లు కోసేస్తారోనన్న టెన్షన్‌తోనే నడిపారు.

ఆ తర్వాత జరిగింది మీ ఇంట్లో చూసే ఉంటారు. జీ వాళ్ళే సిటీ కేబుల్ పేరుతో పెద్ద కేబుల్ సంస్థ పెట్టారు, 2003లో అదే గ్రూపు నుంచి డిష్ టీవీ వచ్చింది, ఇంటి మీద చిన్న గొడుగు పెట్టుకుంటే ఆపరేటర్‌తో పనే లేదు. 2012 నుంచి సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి అవుతూ వచ్చాయి, మన హైదరాబాద్, విశాఖ రెండో విడతలో ఉన్నాయి. ఇప్పుడు ఫోన్లలో జీ5 లాంటి వీడియో యాప్‌లు. ఒక్కో మార్పుకీ మీ నాన్నగారి లాంటి వాళ్ళే కొత్త పెట్టుబడి పెట్టుకోవాల్సి వచ్చింది, ఇంటింటికీ తిరిగి వసూలు చేసుకోవాల్సి వచ్చింది.

ఒక్క విన్నపం. ఆ రోజుల నాటి రసీదు పుస్తకాలు, చేత్తో రాసిన ఛానెళ్ళ లిస్టులు, మొదటి డిష్ దగ్గర దిగిన ఫోటో ఏమైనా అటక మీద ఉంటే దయచేసి పారేయకండి. కాపీలు పంపండి, నాన్నగారితో మాట్లాడి ఆయన మాటల్లోనే వచ్చే సంచికలో వేద్దాం. వేరే ఊళ్ళ ఆపరేటర్లు, వాళ్ళ పిల్లలు కూడా రాయండి, పేజీ చాలకపోతే ఇంకో పేజీ అడుగుతాను.