ప్లేస్టేషన్ 4 (పీఎస్4) గేమ్ కన్సోల్‌లో మా ఇంటి వైఫై పేరే కనపడట్లేదు, ఎందుకు?

ఫోన్లో నెట్ బాగానే వస్తోంది, పీఎస్4లో మాత్రం వైఫై పేరు కూడా రావట్లేదన్నారు. ముందు మీది ఏ మోడలో చూడండి. ఇళ్లలోని రూటర్లు మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నల్ ఇస్తాయి. 2013లో వచ్చిన మొదటి పీఎస్4 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటుంది. 2016 నాటి స్లిమ్, ప్రో మోడళ్లు 5 గిగాహెర్ట్జ్‌నీ పట్టుకుంటాయి.

కావలిలో మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. కొత్త రూటర్ బిగించిన అబ్బాయి స్పీడ్ ఎక్కువని 5 ఒక్కటే ఆన్‌లో ఉంచి వెళ్లాడు. మావాడు కన్సోల్ పాడైందనుకుని రెండు రోజులు దిగాలుగా కూర్చున్నాడు. రూటర్ సెట్టింగ్స్‌లో 2.4 ఆన్ చేసి, దానికి వేరే పేరు పెట్టాం. వెంటనే దొరికింది. పాపం, వాడి మొహం చూడాలి అప్పుడు!

పేరు కనిపించినా కనెక్ట్ కాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌లోకి వెళ్లి ఇంటర్నెట్ కనెక్షన్ టెస్ట్ చేయండి. ఐపీ అడ్రస్ (కన్సోల్‌కి రూటర్ ఇచ్చే నంబర్) దగ్గరే ఆగితే పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి, రూటర్ ఆపి ఒక నిమిషం తర్వాత వేయండి. ఐపీ వచ్చి ఇంటర్నెట్ ఫెయిలైతే, ఆ సమయంలో ఫోన్లో కూడా నెట్ వస్తోందో లేదో చూడండి. రాకపోతే లోపం లైన్‌లోనే, కేబుల్ వాళ్లకి ఫోన్ చేయండి.

ఆట మధ్యలో తెగిపోతుంటే పక్కిళ్ల రూటర్లు కూడా మీ రూటర్ వాడే ఛానల్లోనే (సిగ్నల్ వెళ్లే దారిలోనే) ఉండొచ్చు. 2.4లో 1, 6, 11 ఛానళ్లు ఒకదానికొకటి అడ్డురావు, వాటిలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. రూటర్ పక్క గదిలోనే ఉంటే మాత్రం దాన్నుంచి పీఎస్4కి నేరుగా ల్యాన్ వైరు కలిపేయండి, నా మాట వినండి.