చిన్న పాత్రల నటుడి జీవితచరిత్ర రాస్తున్న మీకు

ప్రియ మిత్రులకు,

నమస్కారం. టెలివిజన్‌లో జీవితమంతా చిన్న పాత్రలు వేసిన ఒక నటుడి జీవితచరిత్ర రాయడం మొదలుపెట్టానంటూ మీరు పంపిన తొలి అధ్యాయం శ్రద్ధగా చదివాను. మీ వాక్యంలో నిదానం ఉంది, మనిషి పట్ల గౌరవం ఉంది. అయితే ఆ అధ్యాయం నిండా ఆయనకు దక్కనివే పరుచుకుని ఉన్నాయి. దక్కని ప్రధాన పాత్ర, దక్కని పురస్కారం, పోస్టరు మీద దక్కని చోటు. హీరో కావాలని వచ్చి కాలేకపోయిన మనిషిగా ఆయనను చూస్తూ, ఆ లోటును పాఠకుడి జాలితో పూడ్చాలని మీరు ప్రయత్నిస్తున్నారు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ చూపు మార్చుకోమనే. ఆయన చేసిన పనిని పనిగా చూసి రాయండి. జాలి అవసరం లేకుండానే ఆ జీవితం నిండుగా కనిపిస్తుంది.

ముందు ఆ పని ఎలాంటిదో మీ పాఠకుడికి తెలియాలి. ఒక సీరియల్‌లో ప్రధాన నటులు, సాంకేతిక నిపుణులు నెలల తరబడి కలిసి పనిచేసి ఒకరికొకరు అలవాటుపడి ఉంటారు. అతిథి పాత్రకు పిలిచిన నటుడు ఆ సెట్‌లోకి కొత్త మనిషిగా అడుగుపెడతాడు. చేతిలో నాలుగు పేజీల డైలాగులుంటాయి, రిహార్సల్‌కు పెద్దగా వ్యవధి ఉండదు, కెమెరా తన వైపు తిరిగేసరికి పొద్దుపోయి అందరూ అలసిపోయి ఉంటారు. ఆ కాసేపట్లోనే తాను ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా దుకాణం నడుపుతున్న మనిషినని, కథానాయకుడు వెళ్ళిపోయాక కూడా ఆ దుకాణం తెరిచే ఉంటుందని ప్రేక్షకుడిని నమ్మించాలి. కథను తనవైపు లాక్కోకూడదు, అలాగని వెలవెలబోనూ కూడదు. ఈ తూకం ఎంత కష్టమైనదో మీ పుస్తకంలో ఎక్కడో ఒకచోట, ఒకే ఒక షూటింగ్ రోజును తీసుకుని ఉదయం మేకప్ నుంచి చివరి షాట్ దాకా విడమరచి చూపండి.

అమెరికన్ టెలివిజన్‌లో హ్యారీ మోర్గన్ జీవితాన్ని మీరు నమూనాగా చదువుకుంటే మేలు. 1915లో డెట్రాయిట్‌లో పుట్టిన ఆయన 1937లో బ్రాడ్వే రంగస్థలం మీద గ్రూప్ థియేటర్ అనే నాటక బృందంతో కలిసి పనిచేశారు, 1942 నుంచి సినిమాల్లో చిన్న పాత్రలు వేశారు. 1954లో మొదలైన ‘డిసెంబర్ బ్రైడ్’ అనే హాస్య సీరియల్‌లో, తెర మీద కనబడని భార్య గురించి అస్తమానం విసుక్కునే పక్కింటి పీట్‌గా ఆయన ఎంత పేరు తెచ్చుకున్నారంటే, ఆ పాత్ర కోసమే 1960లో వేరే సీరియల్ తీశారు. 1967 నుంచి 1970 దాకా ‘డ్రాగ్‌నెట్’లో పోలీసు అధికారి గానన్‌గా వేశారు. ఆ సీరియల్ తీసిన జాక్ వెబ్‌కు నటులు భావాలు ఒలకబోయడం గిట్టేది కాదు. డైలాగులను కెమెరా పక్కన అక్షరాలుగా చూపే టెలిప్రాంప్టర్ మీద చూసి తేటగా, ఎత్తుపల్లాలు లేకుండా చెప్పించేవారు. అంత బిగుతైన చోట కూడా మోర్గన్ వంటల గురించి, ఆరోగ్యం గురించి గానన్ చేసే పిచ్చాపాటీలోంచి ఒక సంసారిని బయటికి తీశారు. దర్శకుడు పెట్టిన హద్దు దాటకుండా అది ఎలా సాధించారో గమనించడం ఏ పురస్కారాల పట్టికకన్నా ఎక్కువ చెబుతుంది.

ఆ తరువాతి మలుపు మీకు మరీ ముఖ్యం. 1974 సెప్టెంబరులో, కొరియా యుద్ధకాలపు సైనిక వైద్య శిబిరం కథ అయిన ‘మ్యాష్’ సీరియల్‌లో ఒకే ఒక ఎపిసోడ్ కోసం మతి చలించిన సేనాధిపతి పాత్ర ఆయనకు ఇచ్చారు. మరుసటి ఏడాది ఆ సీరియల్‌లో శిబిరాధికారి పాత్ర వేస్తున్న నటుడు తప్పుకోవడంతో, కర్నల్ పాటర్ అనే పూర్తిగా భిన్నమైన పాత్రకు మోర్గన్‌నే పిలిచారు. 1983లో సీరియల్ ముగిసేదాకా ఆయన ఆ పాత్రలోనే ఉన్నారు, 1980లో దానికి అమెరికన్ టెలివిజన్ పురస్కారమైన ఎమ్మీ అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 65. ఒక ఎపిసోడ్‌కు వచ్చి చేసిన పని ఎనిమిదేళ్ళ కొలువుకు దారితీసింది. ఈ వృత్తిలో పెద్ద అవకాశాలు ఎక్కువగా ఇలాగే వస్తాయి. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు. అందుకని మీ కథానాయకుడికి వచ్చిన ప్రతి మంచి పాత్ర వెనక, దానికి ముందు ఆయనను ఏ దర్శకుడు, ఏ నిర్మాత, ఏ నటుల ఎంపిక అధికారి ఎక్కడ చూశారో వెతకండి. అదృష్టం అని రాసి ముందుకు వెళ్ళిపోవద్దు.

1980 జనవరిలో ప్రసారమైన ‘ఓల్డ్ సోల్జర్స్’ అనే ఎపిసోడ్ దొరికితే చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో కలిసి పోరాడిన మిత్రులు ఒక బ్రాందీ సీసాను దాచి, అందరికన్నా చివర మిగిలినవాడు మిగతావారిని తలుచుకుని దాన్ని తాగాలని ఒప్పందం చేసుకుంటారు. ఆ చివరివాడు పాటర్. శిబిరంలో తన కింద పనిచేసేవారిని పిలిచి, వారి ముందు సీసా తెరిచి, పోయినవారిని పేరుపేరునా తలుచుకుంటాడు. ఆ తరువాత ఎదురుగా ఉన్న కొత్త మిత్రుల వైపు తిరుగుతాడు. సీరియల్‌కు ఆయువుపట్టయిన నటులంతా ఆ కాసేపు వినేవారిగా మారిపోతారు. ఆ సన్నివేశాన్ని ఒకసారి మాటలతో, ఒకసారి శబ్దం తీసేసి చూడండి. ఆయన ఎక్కడ ఆగారు, చూపు ఎవరి మీద నిలిపారు, ఏ పేరు దగ్గర గొంతు మారింది అన్నవి కాగితం మీద రాసుకోండి. మీ నటుడి విషయంలోనూ కనీసం ఐదారు సన్నివేశాలను ఈ పద్ధతిలో చూసి, వాటిలో రెండింటిని మాత్రం పుస్తకంలోకి తీసుకోండి. ‘సహజమైన నటన’, ‘ఒదిగిపోయారు’ వంటి మాటలు రాయాలనిపించినప్పుడల్లా ఆ కాగితం తీసి చూసుకుంటే, చెప్పవలసిన సంగతి దొరుకుతుంది.

బాల్యాన్ని క్లుప్తంగా ముగించండి. డబ్బు సంగతి మాత్రం దాటవేయకండి, ఎందుకంటే ఈ జీవితాలకు అసలు వెన్నెముక అదే. 1950లలో అమెరికాలో ఒక సీరియల్‌కు ఏడాదికి 39 ఎపిసోడ్ల దాకా తీసేవారు. వారం వారం కొత్త దొంగ, కొత్త సాక్షి, కొత్త పూజారి కావలసి వచ్చేవారు కనుక చేయగల నటుడికి పని ఉండేది. అయితే ఆ ఎపిసోడ్లను మళ్ళీ మళ్ళీ ప్రసారం చేసినప్పుడు నటుడికి ముట్టే పారితోషికం మొదట్లో కొన్ని పర్యాయాలతోనే ఆగిపోయేది. ఎన్నిసార్లు ప్రసారమైనా చెల్లించాలన్న నిబంధన నటుల సంఘమైన గిల్డు 1974లో కుదుర్చుకున్న ఒప్పందంతో వచ్చింది. అంతకుముందు తీసినవాటిలో వేసినవారు, తమ ముఖం దశాబ్దాల పాటు రోజూ తెర మీద కనిపిస్తున్నా, ఆ తొలి కొన్ని పర్యాయాలు దాటాక దాని నుంచి ఏమీ అందుకోలేదు. పింఛను, వైద్య బీమా నిధులు 1960 సమ్మె ఫలితం. అందరూ గుర్తుపట్టే ముఖానికీ నిండని జేబుకూ మధ్య ఉన్న ఈ దూరానికి వ్యక్తి స్వభావంలో కారణం వెతకడం అన్యాయం. దాని కారణం ఒప్పందంలో ఉంది. మీ నటుడు పనిచేసిన చోట ఒప్పందాలు ఎలా ఉండేవో చదివి తీరాలి.

విలియం షాలర్ట్ గురించి రాసేవారు ఆయనను సాధారణంగా 1963లో మొదలైన ‘ద పాటీ డ్యూక్ షో’లోని మంచి తండ్రిగా తలుచుకుని ఊరుకుంటారు. నాకు ఆయనలో అంతకన్నా ఆసక్తి కలిగించేది 1979 నుంచి 1981 వరకు నటుల గిల్డుకు అధ్యక్షుడిగా ఉండి, వీడియో క్యాసెట్లు, చందా టెలివిజన్ వంటి కొత్త మార్గాల ఆదాయంలో వాటా కోసం జరిగిన 1980 సమ్మెను నడిపించడం. తెర మీద తండ్రులను, ఉపాధ్యాయులను, అధికారులను వేసిన మనిషి తెర వెనక తనలాంటి వేలమంది రోజు కూలీ కోసం నిలబడ్డారు. మీ నటుడికి సంఘంతో ఉన్న సంబంధం ఏమిటో మీ అధ్యాయంలో ఒక్క ముక్క కూడా లేదు. వెతికితే ఏదో ఒకటి తప్పక దొరుకుతుంది.

ఆధారాల విషయంలో కఠినంగా ఉండండి. మోర్గన్ పుట్టిన పేరు హ్యారీ బ్రాట్స్‌బర్గ్. తొలి సినిమాల్లో హెన్రీ మోర్గన్ అని వేసుకున్నారు, అదే పేరుతో ఒక ప్రసిద్ధ రేడియో హాస్యనటుడు ఉండడంతో తరువాత హ్యారీ అయ్యారు. ఇద్దరి పనీ కలగలిసిన పట్టికలు చూస్తే మీకు భయం వేయాలి. చిన్న పాత్రలకు టైటిల్స్‌లో పేరు పడకపోవడం మామూలే కనుక, పేరును నమ్ముకోకుండా ఎపిసోడ్ చూసి ముఖాన్ని పోల్చుకోవాలి. ప్రసారమైన వరుస వేరు, షూటింగ్ జరిగిన వరుస వేరు. కాల్‌షీట్లు, చెల్లింపు రసీదులు, పెన్సిల్ గుర్తులున్న స్క్రిప్టు ప్రతులు దొరికితే వాటికి మించిన ఆస్తి లేదు. ఇంటర్వ్యూలకు ప్రధాన నటుల దగ్గరకే వెళ్ళకండి. వారు ఆదరంగానే మాట్లాడతారు, కానీ చాలావరకు అందరికీ చెప్పిన నాలుగు మంచి మాటలే చెబుతారు. షాటుకూ షాటుకూ తేడా రాకుండా కంటిన్యూటీ చూసినవారిని, మేకప్ వేసినవారిని, నటులను ఎంపిక చేసినవారిని అడగండి. ఆయన డైలాగులు నేర్చుకుని వచ్చేవారా, తన షాట్ అయిపోయాక కూడా ఎదుటి నటుడి క్లోజప్ కోసం కెమెరా పక్కన నిలబడి డైలాగు అందించేవారా, ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులతోనే మనిషి సగం తెలిసిపోతాడు.

మీరు ముందే రాసిపెట్టుకున్న చివరి అధ్యాయపు ప్రణాళికలో వృద్ధాప్యమంతా క్షీణతగా ఉంది. ఈ వృత్తిలో అది నిజం కానవసరం లేదు. బర్ట్ మస్టిన్ కార్లు అమ్మే ఉద్యోగం నుంచి వచ్చి, తొలి సినిమాలో కనిపించేసరికి ఆయన వయసు 67. అక్కడి నుంచి పాతికేళ్ళు తాతల పాత్రలు వేస్తూనే ఉన్నారు. 1976 డిసెంబరులో ‘ఫిలిస్’ సీరియల్‌లో పెళ్ళికొడుకుగా కనిపించేనాటికి ఆయనకు 92 ఏళ్ళు. అందం మీద ఆధారపడిన నటుడికి వయసు శత్రువు కావచ్చు, క్యారెక్టర్ నటుడికి మాత్రం అది కొత్త పాత్రలు తెచ్చిపెడుతుంది. మీ నటుడు అరవై దాటాక వేసిన పాత్రల జాబితా ముందు పెట్టుకుని, ఆ అధ్యాయం గురించి మళ్ళీ ఆలోచించండి.

మొదటి అధ్యాయాన్ని మాత్రం పక్కన పెట్టేయండి. ఆయన పనిచేసిన రోజుల్లో మీకు అన్నిటికన్నా బాగా ఆధారాలు దొరికిన రోజు ఏదో తేల్చుకుని, పుస్తకాన్ని ఆ రోజుతో మొదలుపెట్టండి. ఆ పేజీలు తయారైతే, మీరు చూసిన ఎపిసోడ్ల పట్టికతో కలిపి నాకు పంపండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి, ప్రతి వాక్యం మీద నా అభిప్రాయం రాస్తాను.

మీ శ్రేయోభిలాషి