డాక్టర్ సలహా: అలారం మోగితే ఏడుపొస్తోంది... ప్రాక్టీస్‌కు మనసు రావడం లేదు

ప్రశ్న: నేను 20 ఏళ్ల అమ్మాయిని. వరంగల్‌లో డిగ్రీ చదువుతూ కబడ్డీ ఆడుతున్నాను. టోర్నమెంటుకు ముందు జరిగే ఆరు వారాల శిక్షణ శిబిరంలో ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. రోజూ రెండు పూటలా ప్రాక్టీస్. వారం రోజులుగా ఉదయం ఐదింటికి అలారం మోగితే ఏడుపొస్తోంది. ఒళ్లు నొప్పులు, రాత్రి నిద్ర పట్టదు. నాకు పట్టుదల తగ్గిందని కోచ్ అంటున్నారు. లోపం నాలోనే ఉందా?

జవాబు: మీరు రాసినవాటిలో నిద్ర పట్టడం లేదన్న సంగతినే నేను అన్నిటికన్నా ముఖ్యంగా తీసుకుంటున్నాను. రెండు పూటలా కష్టపడిన ఒంటికి పడుకోగానే నిద్ర రావాలి. అంత అలసటలోనూ నిద్ర కరవవడం, ప్రాణంగా ప్రేమించిన ఆటే విసుగనిపించడం, ఊరికే కన్నీళ్లు రావడం కలిసి కనిపిస్తే, పడుతున్న శ్రమకు తగినంతగా శరీరం కోలుకోవడం లేదని అనుమానించాలి. దీన్ని బద్ధకమనుకుని ఇంకా గట్టిగా సాధన చేస్తే, కొద్ది రోజుల విశ్రాంతితో సర్దుకునే అలసట నెలల తరబడి వదలని ఓవర్‌ట్రైనింగ్‌గా మారే ప్రమాదం ఉంది.

అలాగని ప్రతి నొప్పికీ భయపడనక్కర్లేదు. అలవాటు లేని కసరత్తు చేశాక 24 నుంచి 72 గంటల మధ్య కండరాల నొప్పి ఎక్కువగా ఉండి, తరువాత దానంతటదే తగ్గుతుంది. ఏది మామూలు అలసటో తేల్చుకోవడానికి ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఉదయం మంచం దిగకముందే నాడిని నిమిషంపాటు లెక్కపెట్టి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో దాని పక్కనే రాయండి. ప్రాక్టీస్ ఎంత కష్టంగా అనిపించిందో పదికి మార్కులు వేసి, దాన్ని నిమిషాలతో హెచ్చించండి; 90 నిమిషాలకు 8 మార్కులైతే 720. ఆ అంకెలు వారం వారం ఎగబాకుతూ, నిద్ర తగ్గుతూ, నాడి రోజుల తరబడి మామూలుకన్నా ఎక్కువగా ఉంటే ఆ పుస్తకాన్ని మీ కోచ్‌కు చూపించండి. ‘చేయలేకపోతున్నాను సార్’ అన్న మాట సాకులా వినిపించవచ్చు గానీ, రాసి ఉన్న లెక్కను చూసిన కోచ్ తప్పకుండా ఆలోచిస్తారు. రెండు మూడు రోజులు తేలికపాటి సాధన, వారానికి ఒక పూర్తి సెలవు ఇమ్మని అడగండి.

తిండి సంగతి మీరు రాయలేదు. శిబిరాల్లో చాలామంది అమ్మాయిలు ఒక్క టీ తాగి గ్రౌండ్‌కు వెళ్లడం చూస్తుంటాను. వెళ్లే ముందు ఒక అరటిపండైనా తినండి. ప్రాక్టీస్ అయిన గంటలోపు ఇడ్లీలు, గుడ్లు, పెసరట్టు వంటివి కడుపునిండా తినండి. భోజనంతోపాటు టీ తాగితే ఆహారంలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. హిమోగ్లోబిన్‌తోపాటు, ఒంట్లోని ఐరన్ నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములు దాటి ఉన్నా లోపల ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు, అప్పుడు ఎంత పట్టుదల ఉన్నా కాళ్లు లాగేస్తాయి. ఫలితం చూడకుండా మాత్రలు మాత్రం వాడవద్దు. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే సిగ్గుపడకుండా గైనకాలజిస్టును కలవండి.

ఇక మనసు విషయం. మిగిలిన మూడు వారాలనూ ఒకేసారి తలుచుకుంటే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ పూటకు ఒకే ఒక్క పని పెట్టుకోండి. ఉదాహరణకు, రైడ్‌కు వెళ్లి, అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత దాటేటప్పుడు వెనక కాలు గాలిలో ఉండేలా చూసుకోవడం. అది కుదిరితే ఆ రోజు సాధించినట్టే లెక్క. రాత్రే బూట్లు, నీళ్ల సీసా సర్దిపెట్టుకుని, తోటి క్రీడాకారిణితో కలిసి బయలుదేరండి. మనసు రాకపోయినా పది నిమిషాలు వార్మప్ చేసి చూడండి. ఒళ్లు తేలికపడితే అది మామూలు విసుగే, కొనసాగించవచ్చు. ఇంకా బరువెక్కితే ఆ పూట తగ్గించుకోండి.

ఇలా రెండు వారాలు చేసినా దిగులు తగ్గకపోతే, గ్రౌండ్ బయట కూడా దేని మీదా ఆసక్తి లేకపోతే మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆడుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా ప్రాక్టీస్ ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.