ఎరియర్స్ చెక్కు చూసి ఓటు వెయ్యకు తమ్ముడూ

సందేహం: గ్రీన్ కార్డు మీద అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది. ఎనిమిది నెలల కిందట రైల్‌రోడ్‌లో సిగ్నల్ పనిలో చేరాను. కొత్త ఒప్పందం మీద ఓటు వెయ్యమని యూనియన్ నుంచి కవరు వచ్చింది. మా గ్యాంగ్‌లో సగం మంది ఒప్పుకుందాం అంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. సిటిజన్ కాని నేను ఓటు వెయ్యొచ్చా? వద్దంటే సమ్మె వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, వెయ్యొచ్చు. నీ దగ్గర కవరు భద్రంగా ఉంది, అదే సంతోషం. నా మొదటి కవరును నేను చింపి చెత్తబుట్టలో పడేశాను.

వచ్చిన కొత్తలో మా బావ నాకు పదిసార్లు చెప్పిన మాట ఒకటే. సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఈ దేశంలో ఏ ఓటు జోలికీ పోవద్దు, కార్డు పోతుంది, పిల్లలు రోడ్డున పడతారు అని. ఆయన చెప్పింది ప్రభుత్వ ఎన్నికల గురించి. అది నిజం, అందులో పొరపాటు పడకు. కానీ నాకు ఓటు అన్న మాట కనపడగానే గుండె దడదడలాడింది. నెలలు గడిచాక మా ఫోర్‌మన్ మాటల మధ్యలో అడిగాడు, ఎటు వేశావని. వెయ్యలేదన్నాను. నెలనెలా చందా కట్టి, నీ జీతం ఎంతుండాలో పక్కవాళ్లకు వదిలేశావా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. యూనియన్ ఓటుకు కావలసింది సభ్యత్వం. దానికీ పౌరసత్వానికీ సంబంధం లేదు. నీ సభ్యత్వం నమోదైందో లేదో మీ చోటి యూనియన్ శాఖ పెద్ద, అంటే లోకల్ చైర్మన్‌కు ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోతుంది.

మనకు ఈ అలవాటు లేకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర రైల్వే జీతం పే కమిషన్ చెబుతుంది. యూనియన్ గుర్తింపు ఎన్నికలు ఉంటాయి కానీ, ఇదిగో నీ జీతం, ఒప్పుకుంటావా లేదా అని కాగితం తెచ్చి కళాసీ చేతిలో ఎవరూ పెట్టరు. ఇక్కడ పెడతారు. అంత విలువైన కాగితాన్ని ఇప్పుడొస్తున్న పిల్లలు ఫోన్‌లో పైపైన చూసి పక్కన పెట్టేస్తున్నారు.

ఇక నా రెండో తప్పు. డబ్బు పోయింది దీని వల్లే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2022లో పన్నెండు రైల్ యూనియన్లు, లక్షా 15 వేల మంది కార్మికులు, ఒకటే గొడవ. జీతాలు 2020 నుంచి పెరగలేదు. ఆ గొడవ తేల్చడానికి దేశాధ్యక్షుడు వేసిన బోర్డు అయిదేళ్లకు కలిపి 24 శాతం పెంపు, ఏడాదికి వెయ్యి డాలర్ల బోనస్ చొప్పున అయిదు వేలు సిఫారసు చేసింది. ఒప్పందం కుదరగానే ఎరియర్స్ కింద సగటున 11 వేల డాలర్లు ఒక్కసారిగా చేతికొస్తాయని వార్త. ఆ అంకె తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. మిగతా పేజీలు తిప్పలేదు. ఒప్పుకుంటున్నానని ఓటేసి, ఆ వారమే పాత ట్రక్కు మార్చి, డౌన్ పేమెంట్ క్రెడిట్ కార్డు మీద కట్టేశాను. ఇంటికి కూడా డబ్బు పంపుతానని మాటిచ్చాను.

అక్టోబర్ చివర్లో ఫలితం వచ్చింది. మా సిగ్నల్ వాళ్లలో 60 శాతానికి పైగా వద్దన్నారు. అన్ని యూనియన్ల ఓట్లూ ముగిసేసరికి ఎనిమిది ఒప్పుకున్నాయి, నాలుగు కాదన్నాయి. నా చెక్కు ఆగిపోయింది. కార్డు వడ్డీ మాత్రం ఆగలేదు. వద్దన్నవాళ్ల మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, రెండు వారాలు లంచ్ వేరే ట్రక్కులో కూర్చుని తిన్నాను. డబ్బు చేతికొచ్చేసరికి కొత్త సంవత్సరం వచ్చేసింది.

వచ్చింది కూడా నేను అనుకున్నంత కాదు. నీకు లెక్క వేసి చూపిస్తాను, రాసి పెట్టుకో. 11 వేలల్లో ఫెడరల్ పన్ను కింద 22 శాతం ముందే పట్టుకుంటారు, అంటే 2,420. ఇలాంటి విడి చెల్లింపులకు సాధారణంగా ఆ రేటే. మనకు సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ బదులు రైల్‌రోడ్ రిటైర్మెంట్ ఉంటుంది కదా, అందులో మొదటి భాగం టయర్ వన్, వృద్ధుల వైద్యానికి పట్టే మెడికేర్ కలిపి 7.65 శాతం, రెండో భాగం టయర్ టూ 4.9 శాతం. అవి 1,380 దాకా అవుతాయి. మిగిలేది 7,200. రాష్ట్రం పన్ను ఉంటే ఇంకా తగ్గుతుంది. నేను మాత్రం పదకొండు వేలకూ ఖర్చు రాసుకున్నాను.

24 శాతం అన్నదాన్నీ విప్పి చూడాలి. అది 3, 3.5, 7, 4, 4.5 చొప్పున అయిదేళ్ల మీద పరిచిన పెంపు. అప్పటికే గడిచిపోయిన ఏళ్లవి కలిపితే వెంటనే వచ్చింది 14 శాతం చిల్లర. ఆ జూన్‌లో దేశంలో ధరల పెరుగుదల 9.1 శాతం ఉంది. ఇంకో పక్క ఏళ్లుగా నెలకు 228.89 డాలర్ల దగ్గర ఆగిన మన హెల్త్ ఇన్సూరెన్స్ వాటాను ప్రీమియంలో 15 శాతానికి మార్చాలని బోర్డు చెప్పింది. ఇది పేపర్లలో హెడ్డింగుగా రాలేదు. ఒప్పందం కాగితంలో ఉంది, నేను చదవలేదు.

వద్దంటే మర్నాడే సమ్మె అన్న భయం పెట్టుకోకు. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్ ప్రకారం కొత్త ఒప్పందం వచ్చేదాకా పాతదే నడుస్తుంది. మధ్యవర్తులు, ఆగవలసిన గడువులు చాలా ఉన్నాయి, ఈ మధ్యవర్తిత్వం చూసే ప్రభుత్వ సంస్థ నేషనల్ మీడియేషన్ బోర్డు సైట్‌లో చూసుకో. 2022లో సమ్మె జరగలేదు. కాంగ్రెస్ చట్టం చేసి, కాదన్నవాళ్ల మీద కూడా అదే ఒప్పందాన్ని పెట్టింది. డిసెంబర్ 2న బైడెన్ సంతకం చేశారు. జీతంతో ఏడు రోజుల సిక్ లీవు కలపాలన్న ప్రతిపాదన దిగువ సభలో 221-207తో గెలిచి, సెనేట్‌లో 52-43 దగ్గర ఆగిపోయింది. అక్కడ 60 కావాలి.

మావాళ్లు వద్దన్నది ముఖ్యంగా ఆ సిక్ లీవు కోసమే. నాకది ఆ చలికాలం అర్థమైంది. ఒళ్లు కాలిపోతున్న జ్వరం, బయట మంచు. రాత్రి రెండింటికి లెవెల్ క్రాసింగ్ గేటు దిగి పైకి లేవడం లేదని కాల్ వచ్చింది. వెళ్లకపోతే ఆ రోజు జీతం పోతుంది, కార్డు బిల్లు నెత్తి మీద ఉంది. వెళ్లాను. గేటును నడిపే పరికరాలుండే పెట్టె, రిలే కేసు ముందు మోకాళ్ల మీద కూర్చుని వైర్లు పరీక్షిస్తుంటే చేతులు వణికాయి. పొరపాటున ఒక్క వైరు తప్పు పెడితే రైలు వచ్చేటప్పుడు గేటు తెరిచే ఉండిపోవచ్చు. ఆ రాత్రి నేను ఆ పని చేసి ఉండకూడదు. అప్పటికి నా కోపం పోయింది. 2023లో రైల్‌రోడ్లు ఒక్కో యూనియన్‌తో జీతంతో కూడిన సిక్ లీవుకు ఒప్పుకోవడం మొదలుపెట్టాయి. కాదన్న ఓట్ల వల్లే ఆ కదలిక వచ్చిందని నా నమ్మకం.

అవునను, కాదను, అది నీ ఇష్టం. నేను గట్టిగా చెప్పేది డబ్బు గురించి. మూడు నెలల ఖర్చు బ్యాంకులో లేనివాడి చేత ఎరియర్స్ చెక్కే ఓటు వేయిస్తుంది. నా చేత వేయించింది. సమ్మె అంటూ వస్తే మొదటి 14 రోజులు రైల్‌రోడ్ నిరుద్యోగ భృతి కూడా రాదు. అందుకే ఆ తర్వాత ప్రతి జీతంలో 300 డాలర్లు పక్కన పెట్టాను, ఓవర్‌టైమ్ వచ్చిన వారం ఇంకో వంద. క్రెడిట్ కార్డు అప్పు తీర్చాను. ఇప్పుడు ట్రక్కు మీద అప్పు లేదు, ఇంటికి మాటిచ్చిన డబ్బు మాటిచ్చిన నెలలోనే వెళుతోంది. ఎవరి సాయం లేకుండా చేసుకున్నాను, నువ్వూ చెయ్యగలవు. కొత్త ఫోన్, కొత్త కారు ఏడాది ఆగితే సరిపోతుంది.

ఈ రాత్రి ఆ కవరు తెరిచి గడువు తేదీ చూడు. పక్కన నీ పే స్టబ్ పెట్టుకుని పెంపు ఎంత, ఇన్సూరెన్స్ కోత ఎంత, నెలకు చేతికి మిగిలేది ఎంత అని ఒక కాగితం మీద రాయి. మీటింగ్‌కు ఆ కాగితం తీసుకెళ్లు. సిక్ లీవు ఎన్ని రోజులు, వాడుకోని రోజులు పోతాయా లేక డబ్బుగా వస్తాయా, ఈ రెండూ లోకల్ చైర్మన్‌ను అందరి ముందూ అడుగు. నీ ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. నాది నీకన్నా అధ్వానంగా ఉన్న రోజుల్లో అడిగాను, జవాబు చెప్పారు.