సమాధానం: డైనాటాక్ 8000ఎక్స్ వెలిగి వెంటనే ఆరిపోవడం

మోటరోలా వారి పాతకాలపు సెల్‌ఫోన్ డైనాటాక్ 8000ఎక్స్ బ్యాటరీలో కొత్త సెల్స్ వేసినా వెలిగి ఆరిపోతోందని అడిగారు. అలా ఎర్ర డిస్‌ప్లే వెలిగి ఆరిపోతోందంటే, తప్పు సెల్స్‌ది కాకపోవచ్చు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి కాంటాక్టుల మీద పొర కట్టి ఉంటుంది. మల్టీమీటర్‌లో వోల్టేజ్ బాగానే చూపిస్తుంది, ఫోన్ కరెంటు లాగడం మొదలెట్టగానే పడిపోతుంది.

1. బ్యాటరీ తీసేయండి. గ్లవ్స్ తప్పనిసరి, కాడ్మియం విషం.

2. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: నేరుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేస్తారు. కారింది క్షారం. ఆల్కహాల్‌కి ఆ పొర సరిగా వదలదు. ముందు ఇయర్ బడ్‌ని తెల్ల వెనిగర్‌లో కొద్దిగా ముంచి, ఫోన్ వైపు, బ్యాటరీ వైపు రెండు చోట్లా రుద్దండి. నీళ్లతో తడిపిన బడ్‌తో తుడిచి, ఆ తర్వాతే ఆల్కహాల్. రాత్రంతా ఆరనివ్వండి. లోహం మెరిసేదాకా ఇదే మళ్లీ చేయండి. గరుకు కాగితం మాత్రం వద్దు, పైపూత పోతుంది.

3. బ్యాటరీ పెట్టి పవర్ నొక్కండి.

నికెల్ కాడ్మియం కోసం చేసిన పాత ఛార్జర్ వాడుతుంటే లిథియం సెల్స్ జోలికి పోవద్దు, మంటలు రావచ్చు.

సిమ్ ఎక్కడ పెట్టాలని కూడా అడిగారు. దీనికి సిమ్ లేదు, నంబర్ ఫోన్ లోపలే ప్రోగ్రామ్ చేసేవారు. ఇది అనలాగ్ ఫోన్. అమెరికాలో 2008 ఫిబ్రవరి 18తో ఆ నెట్‌వర్క్ నడపాలన్న నిబంధన పోయింది, కంపెనీలు ఆపేశాయి. ఇండియాలో 1995లో సెల్ సేవలు మొదలైందే జీఎస్‌ఎమ్ అనే డిజిటల్ పద్ధతితో, అది ఈ ఫోన్‌కి పనికిరాదు. కాబట్టి ‘నో సర్వీస్’ లైట్ వెలిగితే టెన్షన్ పడకండి, అది ఫోన్‌లో లోపం కాదు.